పజిల్ పాఠాలు – 6: నింపేశాక మళ్లీ ఒకసారి

ఈ వారం శ్లేష గురించి చెబుతానని మాటిచ్చాను. అది ఇంకో వారం ఆగాలి. ఐదో పాఠంతో ఇచ్చిన సోమవారం పజిల్‌ని, అంటే సులువు గళ్లనుడికట్టుని, మీరు నింపి పంపిన ఫొటోలన్నీ చూశాను. సగానికి పైగా కాగితాల్లో అడ్డం 5 తప్పు. అందరిదీ ఒకటే తప్పు.

ఆధారం ఇది: "చూసి ఎక్కిన కొండ ఒక పట్నం (4)". బ్రాకెట్లో అంకె గళ్ల లెక్క. జవాబు కనిగిరి. మీరు రాసింది కలిగిరి.

ఇందులో నా పాలు కూడా ఉంది. "సులువు పజిల్లో తెలిసిన ఊరు తగిలితే వెంటనే రాసెయ్యండి" అని పోయినసారి చెప్పింది నేనే. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఒకాయన కాగితం ఇప్పుడు నా ముందే ఉంది. నీలం పెన్నుతో గట్టిగా ఒత్తి క, లి, గి, రి అని రాసి, లి మీద ఇంకోసారి దిద్దారు. దాని పైగడిలో గ ఉంది. అంటే నిలువు 2 "గలి" అయిపోయింది. కింద "మాది కలిగిరే సార్, మా ఊరొచ్చిందని సంబరంగా రాశా" అని ఒక ముక్క. ఆ సంబరం నాకు తెలుసు. కానీ నిలువు 2 ఆధారం "సైదాపురం వైపు అభ్రకం తవ్వే చోటు (2)". గలి అనే మాటే లేదు. అభ్రకం తవ్వేది గనిలో. ఆ రెండు గళ్లూ ఒక్కసారి పైనుంచి కిందికి చదివుంటే లి పోయి ని వచ్చేది.

"కని అంటే పిల్లల్ని కని కదా, చూసి ఎట్లా అవుతుంది?" అని ఇద్దరు అడిగారు. కనీ వినీ ఎరగని అంటాం కదా, ఆ కనీయే ఇది.

కలిగిరి రాసిన వాళ్లలో ఎక్కువమంది థీమ్ (జవాబుల్ని కలిపే దారం) పట్టుకున్న వాళ్లే. ఉదయగిరి, వెంకటగిరి ముందే నిండాయి కాబట్టి మూడోదీ గిరే అని సరిగ్గానే ఊహించారు. అక్కడే దెబ్బతిన్నారు. థీమ్ చివరి రెండు గళ్లే ఇచ్చింది. మొదటి రెండూ ఆధారమూ, నిలువు మాటా ఇవ్వాలి. కలిగిరి కావాలంటే ఆధారంలో యుగం ఊసు ఉండేది, చూడటం ఊసు కాదు. థీమ్ దొరికినప్పుడే పెన్సిలు ఇంకాస్త నెమ్మదిగా కదలాలి.

ఇక థీమ్ సంగతి. "మన వైపు ఊళ్లు" అని చాలామంది రాశారు. అది చాలదు. నేను వాడే పరీక్ష ఒకటుంది: ఆ జవాబు తీసేసి దాని చోట కావలి పెడితే నడుస్తుందా? ఊళ్లే థీమ్ అయితే కావలి, పొదిలి, కోవూరు ఏదైనా నడవాలి. ఇక్కడ నడవవు, గిరి లేదు కాబట్టి. ఇప్పుడు ఆఖరి అడ్డం చూడండి: "తన చుట్టూ హద్దు పెట్టుకుని (4)", జవాబు గిరిగీసి. మూడు ఊళ్లలో కొండగా ఉన్న గిరి ఇక్కడ గీత అయింది. చిన్నప్పుడు బొంగరాలాటకు మట్టిలో కర్రతో గుండ్రంగా గీసేవాళ్లం, దాన్నీ గిరే అనేవాళ్లం. ఇప్పుడు కాగితం మీద మూడు ఊళ్లలోనూ గి, రి రెండు గళ్ల చుట్టూ పెన్సిలుతో ఒక గిరి గీయండి. ఆఖరి జవాబు మిమ్మల్ని చెయ్యమన్నది అదే. ఒకే ముక్క నాలుగుసార్లు వస్తే నాకది థీమ్ అనిపించదు. నాలుగోసారి అర్థం తిరగాలి. తిప్పే మాట ఎప్పుడూ కిందనే ఉండాలి, పైన పెడితే మిగతావి నింపడంలో రుచి ఉండదు.

సోమవారం పజిల్ అని ఎందుకన్నానంటే, న్యూయార్క్ టైమ్స్ 1942లో ఆదివారం పజిల్‌తో మొదలుపెట్టి 1950 నుంచి రోజూ వేస్తోంది. అందులో సోమవారానిది అన్నిటికన్నా సులువు, శనివారానికి ముదురుతుంది. నేనూ ఆ వరసే పెట్టుకున్నాను.

ఇప్పుడు నన్ను బాగా విసిగించిన సంగతి. వెంకటగిరికి ఆరు గళ్లు కావాలని, నేను ఐదే ఇచ్చానని కొందరు రాశారు. సున్నాకు విడిగా గడి ఉండదు. వెం, క, ట, గి, రి: ఐదే. ఫోన్లో సున్నాకో నొక్కు, ఒత్తుకో నొక్కు నొక్కి నొక్కి ఈ లెక్క చెడింది. పజిల్లో గడికి ఒక అక్షరం, దాని గుణింతం, ఒత్తు, సున్నా అన్నీ దానితోనే. ఒంగోలు మూడు: ఒం, గో, లు. నెల్లూరు మూడు: నె, ల్లూ, రు. ఒత్తు మీద ఉన్న దీర్ఘం కూడా ఆ గడిలోదే. మార్కాపురం నాలుగు: మా, ర్కా, పు, రం. ర్ ఒక గడి, కా ఇంకో గడి కాదు. కృష్ణపట్నం నాలుగు: కృ, ష్ణ, ప, ట్నం. ఇందులో చివరి గడి చూడండి, ఒత్తూ సున్నా రెండూ ఒకే గడిలో కూర్చున్నాయి. అదే పట్టణం అని రాస్తే ప, ట్ట, ణం మూడు గళ్లు. పట్నం అయితే రెండే. సింగరాయకొండ ఆరు. బుచ్చిరెడ్డిపాళెం కూడా ఆరే, పలికేటప్పుడు ఎంత పొడుగున్నా. బస్టాండ్ మూడు: బ, స్టాం, డ్. పొల్లు మాట చివర వస్తేనే దానికి సొంత గడి. అనుమానమొస్తే వేళ్ల మీద పలుకుతూ లెక్కపెట్టండి, ఫోన్ పక్కన పెట్టి.

ఉదయగిరి అందరూ సరిగ్గానే రాశారు, 1514లో కృష్ణదేవరాయలు గజపతుల దగ్గర గెలిచిన కోట కాబట్టి. దాని మీద చెప్పేదేం లేదు. నా అలవాటు ఒకటి మాత్రం చెబుతాను: నేను అడ్డం 1తో ఎప్పుడూ మొదలుపెట్టను. కింద కుడి మూల నుంచి పైకి వస్తాను. ఆధారం బహువచనంలో ఉంటే చివరి గడిలో ముందే సన్నగా లు వేసుకుంటాను. నింపేశాక నిలువులన్నీ ఆధారాలు చూడకుండా గట్టిగా చదువుతాను. అర్థంలేని మాట చెవికి తగిలితే తప్పు అక్కడే ఉంది.

సాధన: ఈసారి నింపడం కాదు, కట్టడం. ఏడు అడ్డం, ఏడు నిలువు. థీమ్ "పాడు". పై వరసలో సంతనూతలపాడు, కింది వరసలో నాగులుప్పలపాడు, రెండూ సరిగ్గా ఏడేసి గళ్లు. నడి వరస మధ్యలో మైపాడు. పాట పాడటమో, పాడైపోవడమో, అర్థం తిరిగే నాలుగో మాట కిందివైపు నిలువులో మీరే పెట్టాలి. నల్లగళ్లు కాగితం తలకిందులు చేసినా అదే వరసలో కనబడాలి. పై కుడి మూల డుతో మొదలయ్యే మాటకు వెతుక్కోకండి, దాని కింద నల్లగడి పెట్టండి. అప్పుడు కింద ఎడమ మూల నా పైనా నల్లగడి పడుతుంది. కింది వరసలో నాలుగో గడి ప్ప. అక్కడికి కుప్ప, తిప్ప, గొప్ప ఏదైనా దిగుతుంది. ఆధారాలు ముందు రాయకండి, గళ్లన్నీ కుదిరాకే. పెన్సిలుతో చేసి పంపండి, చెరిపిన గుర్తులు కూడా నాకు కనబడాలి.