పిత్తనాళంలో రాయి: పొట్ట కోయకుండా ఎలా పగలగొడతారు, మీరేం చూసుకోవాలి

గాల్ బ్లాడర్‌లో రాయి ఉండటం వేరు, అది జారి పిత్తనాళంలో, అంటే పైత్యరసాన్ని పేగులోకి తెచ్చే గొట్టంలో ఇరుక్కోవడం వేరు. ఇరుక్కుంటే పైత్యరసం పేగులోకి దిగదు, కళ్లు పచ్చబడతాయి, మూత్రం ముదురు రంగుకు మారుతుంది, ఒళ్లంతా దురద. వీటికి చలిజ్వరం తోడైతే నాళంలో ఇన్ఫెక్షన్ మొదలైందనుకోండి, తెల్లారేదాకా ఆగకుండా ఆ రాత్రే ఆసుపత్రికి వెళ్లాలి. చాలా ఇళ్లలో ముందు పసరు మందుకు పరుగెడతారు. వైరస్‌తో వచ్చే కామెర్లు చాలాసార్లు వాటంతటవే తగ్గిపోతాయి కాబట్టి పేరు పసరుకి వస్తుంది, అంతే. ఇరుక్కున్న రాయిని ఏ పసరూ కదిలించలేదు.

మామూలు స్కానింగ్‌లో నాళం కింది భాగం గ్యాస్ అడ్డొచ్చి సరిగ్గా కనబడదు. అందుకే ఎమ్మార్‌సీపీ (పిత్తనాళాలకు తీసే ఎమ్మారై స్కాన్) గానీ ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (నోట్లోంచి ట్యూబు పంపి లోపలి నుంచి చేసే స్కానింగ్) గానీ రాస్తారు. రిపోర్టు చేతికొచ్చాక రాయి ఎన్ని మిల్లీమీటర్లో చూడండి. చిన్నవి మామూలు ఈఆర్‌సీపీతోనే (నోట్లోంచి ట్యూబు పంపి చేసే చికిత్స, కింద వివరంగా ఉంది) వచ్చేస్తాయి, 15 దాటితే పగలగొట్టాల్సి రావచ్చు. ఆ సామాను అక్కడుందా, లేక పెద్ద సెంటర్‌కి పంపుతారా అని ముందే అడగండి. ఆరోగ్యశ్రీ ఉంటే, ఇది అందులో వస్తుందో రాదో ఆరోగ్యమిత్రను అడిగాకే అడ్మిట్ అవడం మేలు.

ఈఆర్‌సీపీ అంటే నోట్లోంచి ట్యూబు పంపి, నాళం పేగులోకి తెరుచుకునే చోటికి చేరి, అక్కడ చిన్న గాటు పెట్టి దారి వెడల్పు చేయడం. ఎక్స్‌రేలో కనబడే మందును నాళంలోకి ఎక్కిస్తే, తెరమీద మందు నిండిన నాళం స్పష్టంగా కనబడుతుంది, రాయి ఉన్న చోట మాత్రం మందు నిండక ఖాళీ మచ్చలా ఉంటుంది. బెలూన్‌తోనో తీగల బుట్టతోనో దాన్ని కిందికి లాగేస్తారు. రాకపోతే రాయిని ఆ బుట్టలోనే బిగించి, బయట పిడి తిప్పుతూ నలిపేస్తారు. దానికీ లొంగకపోతే సన్నటి కెమెరాను నాళంలోకే పంపి, రాయిని కళ్లారా చూస్తూ లేజర్‌తోనో కరెంటు నిప్పురవ్వతోనో ముక్కలు చేస్తారు. నాకు వీటన్నిట్లో ఇదే అసలు పనితనం అనిపిస్తుంది, ఖర్చూ దీనికే ఎక్కువ. ఒంటి బయటి నుంచి షాక్‌వేవ్‌లు ఇచ్చే పద్ధతీ ఉంది గానీ, ముక్కలు తీయడానికి చాలావరకు మళ్లీ ఈఆర్‌సీపీ చేయాల్సిందే.

వెళ్లేముందు దాదాపు 6 నుంచి 8 గంటలు ఏమీ తినకూడదు. రక్తం పలచబరిచే మాత్రలు వాడుతుంటే తప్పక చెప్పండి, వాటిని మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు, ఎప్పుడు ఆపాలో గుండె డాక్టరు, ఈ డాక్టరు కలిసి తేలుస్తారు. షుగరు, అలర్జీలు, గర్భం ఉన్నా ముందే చెప్పండి.

అందరూ భయపడేది గాటుకి, కానీ ఎక్కువగా వచ్చే ఇబ్బంది ప్యాంక్రియాస్ (క్లోమ గ్రంథి) వాపు. దాన్ని తగ్గించడానికే మలద్వారంలో ఒక మాత్ర పెడతారు, ఇదేంటని కంగారుపడకండి. ఇంటికొచ్చాక వీపులోకి పాకే కడుపునొప్పి, ఆగని వాంతులు, జ్వరం, నల్లటి విరేచనం, వీటిలో ఏది కనబడినా ఫోన్లో కనుక్కుంటూ కూర్చోకుండా తిరిగి వెళ్లండి.

రాయి పూర్తిగా రాకపోతే నాళం మూసుకోకుండా ప్లాస్టిక్ స్టెంట్ (సన్నటి గొట్టం) వేసి పంపుతారు. నొప్పి పోయింది కదా అని దాన్ని మర్చిపోయేవాళ్లు ఎందరో. కొన్ని నెలలకది మూసుకుపోయి మళ్లీ చలిజ్వరం తెస్తుంది. తీసే తేదీ డిశ్చార్జి కాగితం మీద రాయించుకుని క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. గాల్ బ్లాడర్ ఇంకా లోపలే ఉంటే, ల్యాప్రోస్కోపీతో దాన్ని ఎప్పుడు తీయాలో కూడా అదే రోజు అడిగేయండి, ఎందుకంటే రాళ్లు తయారయ్యేది చాలావరకు అక్కడే.