ఇంటి పొదుపు లెక్కలు, 4వ పాఠం: ధర పెరిగిందా, వాడకం పెరిగిందా?

పోయిన పాఠం చివర ఇచ్చిన కరెంటు బిల్లు లెక్కకు (నిరుడు 900 రూపాయలు, ఈ ఏడు 1260, ఎందుకు పెరిగింది?) చాలామంది రాసిన జవాబు ఒకటే: "బిల్లు 40 శాతం పెరిగింది, అంటే ధరలు 40 శాతం పెరిగాయి." మొదటి సగం నిజం, రెండోది కాదు. అందుకే ఈసారి చెబుదామనుకున్న అప్పుల సంగతి పక్కన పెట్టి మళ్లీ ఇక్కడికే వస్తున్నా.

అదే లెక్క చూడండి. నిరుడు 150 యూనిట్ల కరెంటు, యూనిట్ రేటు 6, మొత్తం 900. ఈ ఏడు 180 యూనిట్లు, రేటు 7, మొత్తం 1260. తేడా 360. ఇప్పుడు నిరుటి వాడకాన్నే ఈ ఏటి రేటుతో హెచ్చవేయండి: 150 ఇంటూ 7, 1050. అంటే ధర వల్ల పెరిగింది 150 రూపాయలు మాత్రమే, మిగతా 210 మన వాడకం వల్లే. పాత పరిమాణానికి కొత్త ధర కట్టే ఈ పద్ధతిని లాస్పేర్ అనే జర్మన్ ఆర్థికవేత్త 1871లో చెప్పాడు. దేశాల ధరల సూచీలు, అంటే ధరలు మొత్తం మీద ఎంత మారాయో చూపే అంకెలు, ఇప్పటికీ చాలావరకు ఈ దారిలోనే నడుస్తాయి.

ఇంట్లో పెద్దవాళ్లు నేర్పిన పొదుపంతా ఆ 210 మీద పనిచేసేదే. అన్న చొక్కా తమ్ముడికి వేసినా, గదిలోంచి వస్తూ లైటు ఆర్పినా, తగ్గేది వాడకమే, ధర కాదు. కాబట్టి ఈ రెండూ విడదీయకపోతే ఇంటి అలవాటు పనిచేస్తోందో లేదో ఎప్పటికీ తెలియదు. కొన్ని అలవాట్లకు పస తగ్గింది కూడా. 1000 వాట్లు గంటసేపు వాడితే ఒక యూనిట్. 60 వాట్ల పాత బల్బు రోజుకు 5 గంటలు వెలిగితే నెలకు 9 యూనిట్లు, ఇప్పటి 9 వాట్ల ఎల్‌ఈడీ అయితే 1.35. అదే 2000 వాట్ల గీజర్ రోజూ పది నిమిషాలు ఊరికే నడిస్తే నెలకు 10 యూనిట్లు. లైటు ఆర్పలేదని పిల్లల్ని తిట్టే ఓపికను గీజర్ స్విచ్ మీదకు మళ్లించండి.

రసీదులు ఎలా దాచాలో చెప్పను, అది అందరికీ తెలిసిందే. యాప్‌లు నాకు పడవు, పాత నోటుబుక్కూ పెన్సిలూ చాలు. చిల్లర పైసలు రాయకండి, పదికి సరిచేయండి.

ఇక నాకు చిరాకు తెప్పించే చోటు. ప్యాకెట్ 500 గ్రాముల నుంచి 450కి తగ్గి, ధర అలాగే ఉంది. అసలు ధర ఎంత శాతం పెరిగినట్టు? కొందరు "ధర పెరగలేదు" అని రాశారు, కొందరు 10 శాతం అన్నారు. రెండూ తప్పు. పోయిన 50 గ్రాముల్ని భాగించాల్సింది 500తో కాదు, చేతికొచ్చిన 450తో: 11.1 శాతం. మొదట్లో తేడా చిన్నదే, పోనుపోను పెద్దదవుతుంది. బరువు 25 శాతం తగ్గితే ధర 33.3 శాతం పెరిగినట్టు, సగమైపోతే 100 శాతం. తిరగేసి చూసినా అంతే: "20 శాతం అదనం" అంటే 20 శాతం తగ్గింపు కాదు, 100కి కొనేది 120 వస్తోంది కాబట్టి తగ్గింపు 16.7 శాతమే. "రెండు కొంటే ఒకటి ఉచితం" 33.3 శాతం తగ్గింపే, మూడూ వాడితే. మూడోది పాడైతే సున్నా. శాతం రాసే ముందు దేనితో భాగిస్తున్నారో పక్కన రాయండి, దయచేసి.

అభ్యాసం: ఈ ఏటి 12 కరెంటు బిల్లులు, నిరుటివి 12 బయటికి తీయండి. ఏ నెలను ఆ నెలతోనే పోల్చండి, పక్క నెలతో పోలిస్తే ఎండాకాలం లెక్కంతా తారుమారు చేస్తుంది. మొత్తాన్ని యూనిట్లతో భాగిస్తే సగటు రేటు వస్తుంది. ప్రతి నెలకూ ధర వాటా, వాడకం వాటా విడివిడిగా కట్టండి. స్లాబులున్న చోట, అంటే ఒక హద్దు దాటిన యూనిట్లకు ఎక్కువ రేటు వేసే చోట, వాడకం పెరిగితే సగటు రేటు కూడా దానంతట అదే పెరుగుతుంది. అలాంటి నెలలకు చుక్క పెట్టి వదిలేయండి, వాటి సంగతి 5వ పాఠంలో చూద్దాం.