మూత్రపిండం లోపల, 3వ పాఠం: గుచ్ఛం ఏదీ ఏరదు

మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే సన్నని రక్తనాళాల ముద్దే గుచ్ఛం (గ్లోమెరులస్). అది ఏం చేస్తుందన్న పోయినసారి ప్రశ్నకు చాలామంది "రక్తంలోని యూరియాను గుచ్ఛం ఏరి బయటికి పంపుతుంది" అని రాశారు. ఇది సరిచేసుకోకుండా హెన్లీ శిక్యం (మూత్రం తయారయ్యే నాళంలో U ఆకారపు వంపు) మొదలుపెడితే లాభం లేదు, ఆ పాఠాన్ని ఇప్పటికి పక్కన పెడుతున్నాను.

బియ్యంలో రాళ్లు ఏరాలంటే ఏది రాయో తెలియాలి. గుచ్ఛానికి ఆ తెలివి లేదు. అది చూసేది అణువు సైజు, దాని మీది విద్యుదావేశం, అంతే. రక్తకణాలు, ఆల్బుమిన్ లాంటి ప్రోటీన్లు ఆగిపోతాయి. నీళ్లు, సోడియం, గ్లూకోజు, యూరియా, క్రియాటినిన్ (కండరాల నుంచి వచ్చే వ్యర్థం) అన్నీ కలిసే గుచ్ఛం చుట్టూ గిన్నెలా ఉండే బౌమన్ గుళికలోకి దిగుతాయి. రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 100 మిల్లీగ్రాములుంటే గుళికలోని ద్రవంలోనూ దాదాపు అంతే ఉంటుంది. మంచిదీ పోతుంది, చెడ్డదీ పోతుంది. మంచిదాన్ని వెనక్కి తీసుకునేది గుళిక నుంచి మొదలయ్యే నాళం.

తోసే బలం ఎక్కడిదంటే, గుచ్ఛంలో పీడనం సుమారు 60 మి.మీ. పాదరసం. ప్రోటీన్లు నీటిని వెనక్కి లాగే బలం 32, గుళికలోంచి ఎదురొత్తిడి 18. మిగిలింది 10. ఆ పదితోనే నిమిషానికి 125 మిల్లీలీటర్లు, రోజుకు 180 లీటర్లు దిగుతాయి. నేనైతే 125 ఒక్కటే గుర్తుపెట్టుకుంటాను, మిగతాది గుణకారం.

బయటికొచ్చేది లీటరున్నర. నాళంలో గుళికను ఆనుకుని మెలికలు తిరిగిన మొదటి భాగం, అంటే సమీపస్థ సంవలిత నాళంలోనే మూడింట రెండు వంతుల నీళ్లు, దాదాపు గ్లూకోజంతా తిరిగి రక్తంలో కలుస్తాయి. యూరియా కూడా సగం దాకా వెనక్కి వస్తుంది! క్రియాటినిన్ రాదు, అందుకే ల్యాబు రిపోర్టులో దాన్ని చూస్తారు.

మే నెల ఒంగోలు ఎండకు మూత్రం ముదురు పసుపుగా వస్తే వడపోత ఆగినట్టు కాదు. ఒంట్లో నీటిని ఆదా చేసే హార్మోను ఏడీహెచ్ వల్ల చివరి భాగమైన సంగ్రహణ నాళంలో నీళ్లు ఎక్కువగా వెనక్కి పోతున్నాయి. ఒంట్లో నీళ్లు మరీ తగ్గి బీపీ పడిపోతే మాత్రం ఆ పదికే ఎసరు.

అభ్యాసం: రక్తంలో గ్లూకోజు డెసిలీటరుకు 320 మిల్లీగ్రాములు. నాళాలు నిమిషానికి 375 మిల్లీగ్రాములే వెనక్కి తీసుకోగలవు. రోజుకు మూత్రంలో ఎన్ని గ్రాములు పోతాయి? ఇదే లెక్కన 300 దాటితే గానీ మూత్రంలో చక్కెర కనిపించకూడదు, కానీ 180, 200 దగ్గరే కనిపిస్తుంది. ఎందుకు? రెండు మూత్రపిండాల్లో కలిపి సుమారు 20 లక్షల నెఫ్రాన్లు (ఒక్కోటి ఒక గుచ్ఛం, దాని గుళిక, నాళం కలిసినది) ఉన్నాయి, అన్నిటి సత్తా ఒకటి కాదు. ఇంతకు మించి సూచన ఇవ్వను.