పాత వైఫై స్క్రిప్టులను ఐడబ్ల్యూకి ఎలా మార్చుకోవాలి?

లినక్స్‌లో వైఫై సెట్టింగ్స్ అంటే ఏళ్ల తరబడి ఐడబ్ల్యూకాన్ఫిగ్ కమాండే. ఇప్పటి వైఫై డ్రైవర్లు మాత్రం ఎన్ఎల్80211 అనే కొత్త పద్ధతిలో నడుస్తాయి, ఐడబ్ల్యూ ఆ పద్ధతి వాడే కమాండ్. పాత కమాండ్ ఇంకా పనిచేస్తోందంటే, లినక్స్ మూలభాగమైన కెర్నెల్ మధ్యలో ఉండి సర్దుబాటు చేస్తోంది కాబట్టే. వైఫై 7 కార్డులకు ఆ వెసులుబాటు లేదు. అందుకే కార్డు మార్చేదాకా ఆగకుండా ఇప్పుడే ఈ పని చేసుకోండి.

ముందు, పాత కమాండ్లు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతకండి. కొత్త కెర్నెళ్లలో డీమెసెజ్‌ కమాండ్‌తో కెర్నెల్ సందేశాలు చూస్తే, పాత పద్ధతి వాడుతున్న ప్రోగ్రామ్ పేరుతో హెచ్చరిక కనిపిస్తుంది. అన్నీ అందులో దొరకవు కాబట్టి, స్క్రిప్టుల్లో ఐడబ్ల్యూకాన్ఫిగ్, ఐడబ్ల్యూలిస్ట్ (నెట్‌వర్క్‌ల జాబితా ఇచ్చే పాత కమాండ్) పేర్లను గ్రెప్ అనే వెతుకులాట కమాండ్‌తో వెతకండి.

తర్వాత ఒక్కో లైనూ మార్చండి. కనెక్షన్ వివరాలకు ఐడబ్ల్యూ డెవ్, ఇంటర్‌ఫేస్ పేరు (వైఫై కార్డుకు లినక్స్ పెట్టిన పేరు), లింక్ అని వరుసగా ఇవ్వండి. నెట్‌వర్క్‌ల జాబితాకు లింక్ బదులు స్కాన్. ఇవి తేలికే.

అసలు చిక్కు కొలమానాల దగ్గర. ఐడబ్ల్యూకాన్ఫిగ్‌లో టీఎక్స్‌పవర్ (కార్డు పంపే సిగ్నల్ పవర్) 15 అంటే 15 డీబీఎం, అది సిగ్నల్ బలాన్ని కొలిచే ప్రమాణం. ఐడబ్ల్యూలో అదే పవర్ కావాలంటే సెట్ టీఎక్స్‌పవర్ ఫిక్స్‌డ్ 1500 అని ఇవ్వాలి, ఎందుకంటే అది డీబీఎంలో నూరో వంతును లెక్కిస్తుంది. అలవాటుగా 15 అనే ఇస్తే మీరు అడిగింది 0.15 డీబీఎం! ఎర్రర్ రాకపోవచ్చు, సిగ్నల్ మాత్రం పడిపోతుంది.

లింక్ క్వాలిటీ 60/70 లాంటి అంకె కూడా ఐడబ్ల్యూ ఇవ్వదు. సిగ్నల్ మైనస్ 50 డీబీఎం అని మాత్రమే చూపిస్తుంది. మామూలుగా ఆ డీబీఎంకి 110 కలిపితే పాత అంకె వస్తుంది. 70 దాటితే 70 అనీ, సున్నా కంటే తగ్గితే సున్నా అనీ తీసుకోండి.

ఇంకో ముఖ్యమైన మాట. ఐడబ్ల్యూ తెరపై చూపించే వచనం ఎప్పటికీ అలాగే ఉంటుందని దాన్ని రాసినవాళ్లే హామీ ఇవ్వలేదు, స్క్రిప్టులతో చదవొద్దని దాని హెల్ప్‌లోనే ఉంది. కనెక్షన్లను చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్ ఉంటే, దాని కమాండ్ అయిన ఎన్ఎంసీఎల్ఐకి మైనస్ టీ ఇచ్చి, మైనస్ ఎఫ్‌తో కావాల్సిన ఫీల్డులే అడగండి. ఆ అవుట్‌పుట్ స్క్రిప్టుల కోసమే ఉంది. నెట్‌వర్క్‌మేనేజర్ లేని చోట, ఐడబ్ల్యూని చదివే కోడంతా ఒకే ఫంక్షన్‌లో పెట్టండి. రేపు వచనం మారినా సరిచేయాల్సింది ఒక్క చోటే.

పాత మెషీన్లూ ఉంటే ఐడబ్ల్యూ ఉందో లేదో చూసి, లేనప్పుడే ఐడబ్ల్యూకాన్ఫిగ్‌ని పిలవండి. వైఫైకి పాస్‌వర్డ్‌తో కనెక్ట్ చేసే డబ్ల్యూపీఏ సప్లికెంట్ ప్రోగ్రామ్‌కైతే మైనస్ డీ ఆప్షన్‌లో ఎన్ఎల్80211, కామా, వెక్స్ట్ (పాత పద్ధతి పేరు) అని ఇస్తే చాలు, మొదటిది కుదరకపోతే రెండోది అదే ప్రయత్నిస్తుంది.

టెస్టింగ్ మాత్రం కేబుల్ కనెక్షన్ మీదే చేయండి. వైఫై మీదుగా లాగిన్ అయి పవర్ తగ్గిస్తే, దాన్ని మళ్లీ పెంచడానికి కనెక్షనే ఉండదు.