అందరికీ అందే నోటీసు – 3వ పాఠం: మీ నోటీసును ఫోన్ చదవగలదా?

కిందటి పాఠంలో నోటీసును చిన్న వాక్యాల్లో రాయడం చూశాం. ఈసారి ఆ నోటీసు చూపు లేనివారికి చేరుతుందో లేదో మన ఫోన్‌తోనే తేల్చుకుందాం. మీరు సచివాలయ ఉద్యోగి కావచ్చు, టీచర్ కావచ్చు, అపార్ట్‌మెంట్ సంఘం కార్యదర్శి కావచ్చు. ఒక వాట్సాప్ గ్రూపుకి అడ్మిన్ అయితే చాలు, ఈ పాఠం మీకు పనికొస్తుంది.

ముందు గ్రూపులో పాత నోటీసు ఒకటి వెతకండి. సదరం క్యాంప్ పోస్టర్ దొరికితే మరీ మంచిది. వికలాంగుల సర్టిఫికెట్ కోసం పెట్టే క్యాంప్ కబురు చాలాసార్లు రంగురంగుల బొమ్మగానే గ్రూపులు తిరుగుతుంది. ఆ సర్టిఫికెట్ కావాల్సినవాళ్లలో చూపు లేనివాళ్లూ ఉంటారన్న సంగతి పోస్టర్ తయారుచేసినాయనకు తట్టి ఉండదు.

ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్‌లో సెట్టింగ్స్, అందులో యాక్సెసిబిలిటీ, అందులో టాక్‌బ్యాక్ తెరవండి. స్క్రీన్ మీద ఉన్నదాన్ని పైకి చదివి వినిపించే సదుపాయం ఇది. ఆన్ చేసేముందే షార్ట్‌కట్ పెట్టుకోండి: వాల్యూమ్ బటన్లు రెండూ కలిపి మూడు సెకన్లు నొక్కితే టాక్‌బ్యాక్ ఆన్ అవుతుంది, మళ్లీ అలాగే నొక్కితే ఆఫ్ అవుతుంది. ఇది మరిచిపోతే టెన్షన్ తప్పదు. ఎందుకంటే ఆన్ అయ్యాక ఫోన్ పద్ధతే మారిపోతుంది. ఒకసారి తాకితే అక్కడేముందో చదువుతుంది, అంతే. తెరవాలంటే రెండుసార్లు తట్టాలి. కుడివైపు వేలు జరిపితే తర్వాతి అంశానికి వెళ్తుంది. పైకీ కిందికీ జరపడానికి రెండు వేళ్లు వాడాలి. తెలుగు పలకకపోతే టెక్స్ట్ టు స్పీచ్ సెట్టింగ్‌లో తెలుగు ఎంచుకోండి. ఐఫోన్‌లో ఇదే పని చేసేది వాయిస్‌ఓవర్.

కళ్లు మూసుకుని ఆ పోస్టర్ మీద వేలు పెట్టండి. పంపినవారి పేరు, ఫొటో, టైము. అంతకుమించి దాదాపు ఏమీ వినబడదు. తేదీ లేదు, ఆసుపత్రి పేరు లేదు, ఏ కాగితాలు తేవాలో లేదు. కొత్త ఫోన్లు కొన్ని బొమ్మలోని అక్షరాలను గుర్తుపట్టి చదివే ప్రయత్నం చేస్తున్నాయి. కానీ 14ని 11 అని చదివితే బస్సు ఛార్జీ పెట్టుకుని వెళ్లిన మనిషి ఖాళీ చేతులతో తిరిగొస్తాడు. ఆ సదుపాయాన్ని నమ్ముకోవద్దు.

పీడీఎఫ్ అయితే టాక్‌బ్యాక్ ఆపేసి ఇంకో పరీక్ష చేయండి. ఒక వాక్యం మీద వేలు నొక్కి ఉంచి, కాపీ చేసి, వాట్సాప్‌లో పేస్ట్ చేయండి. అసలు కాపీయే కాకపోతే అది స్కాన్, అంటే కాగితానికి తీసిన ఫొటో. తెలుగే వస్తే యూనికోడ్, అంటే ప్రతి అక్షరానికీ అన్ని యంత్రాలూ గుర్తించే ఒకే కోడ్ ఉండే పద్ధతి; దాన్ని ఫోన్ చదవగలదు. మూడోది మన తెలుగువాళ్లకు బాగా అలవాటైన గొడవ: పేస్ట్ చేస్తే ఇంగ్లిష్ అక్షరాలు, బ్రాకెట్లు, డాలర్ గుర్తులు కలగాపులగంగా వస్తాయి. అది అను ఫాంట్ల మహిమ. డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి వాడుతున్న ఈ ఫాంట్లలో లోపల ఉండేవి ఇంగ్లిష్ కోడ్‌లే, పైకి కనిపించేది మాత్రం తెలుగు వేషం. కంటికి అచ్చ తెలుగు, యంత్రానికి అర్థంలేని అక్షరాలు. గూగుల్‌లో వెతికినా అందుకే దొరకవు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. ఇంకా అనులోనే టైప్ చేయించడానికి నాకు అలవాటు తప్ప వేరే కారణం కనబడదు. పాత ఫైళ్లకు కన్వర్టర్లున్నాయి. వాడాక ఒత్తులు మాత్రం ఒకసారి సరిచూసుకోండి, తేడా వచ్చేది అక్కడే.

ఇక మీ పని. బొమ్మ పంపాలనుకుంటే పంపండి, దాని కిందే విషయమంతా టైప్ చేసి పెట్టండి. ఇలా:

"సదరం క్యాంప్: నవంబర్ 14, శుక్రవారం, ఉదయం 9 గంటల నుంచి. స్థలం: ఏరియా ఆసుపత్రి, పాత బిల్డింగ్, కింది అంతస్తు. తేవలసినవి: ఆధార్ కార్డు, స్లాట్ బుక్ చేసిన రసీదు, పాత మెడికల్ రిపోర్టులు."

తేదీని 14/11 అని వేయకుండా నెల పేరు రాశాను చూడండి. అలా రాస్తే వినేవారికి తికమక ఉండదు. అలంకారానికి పెట్టే చుక్కల గీతలు, నక్షత్రాలు, వరసగా పది దండాల ఎమోజీలు తీసేయండి. టాక్‌బ్యాక్ ఒక్కో ఎమోజీ పేరూ చదువుతుంటే అసలు కబురు వచ్చేసరికి ఓపిక అయిపోతుంది. ఇలా టైప్ చేసిన నోటీసు చదువు రానివారికీ పనికొస్తుంది. ఫోన్ చేత చదివించుకుని వింటారు.

ఆఫీసు వాళ్లు "బొమ్మ పెట్టాంగా, చాలదా" అంటే చెప్పడానికి చట్టం ఉంది. వికలాంగుల హక్కుల చట్టం 2016లోని 42వ సెక్షన్ ప్రకారం ఆడియో, అచ్చు, ఎలక్ట్రానిక్ మాధ్యమాల్లోని సమాచారం వారికి అందుబాటు రూపంలో ఉండేలా ప్రభుత్వమే చూడాలి. ఆ చట్టం కింద చేసిన నిబంధనల్లో 15వది ప్రమాణాలను సిఫారసుల స్థాయిలో వదిలేసిందంటూ 2024 నవంబర్ 8న రాజీవ్ రతూరి కేసులో సుప్రీంకోర్టు దాన్ని చెల్లదంది. తప్పనిసరి ప్రమాణాలు తెమ్మని కేంద్రానికి మూడు నెలలు గడువిచ్చింది. 2025 ఏప్రిల్ 30న ఇంకో అడుగు పడింది. కెమెరా ముందు కళ్లార్పలేక ఈ-కేవైసీ (ఆన్‌లైన్‌లో గుర్తింపు నిర్ధారణ) దగ్గర ఆగిపోయిన యాసిడ్ దాడి బాధితురాలు ప్రగ్యా ప్రసూన్, చూపు లేని న్యాయవాది అమర్ జైన్ వేసిన కేసుల్లో, డిజిటల్ సేవలు అందడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని కోర్టు చెప్పి, 20 ఆదేశాలిచ్చింది. అపార్ట్‌మెంట్ సంఘాలకు 42వ సెక్షన్ చూపించి లాభం లేదు, అక్కడ మంచి మాటతోనే పని కావాలి.

అభ్యాసం: ఈ వారం మీ గ్రూపులో వచ్చిన మూడు నోటీసులు తీసుకోండి. ఒక్కోటి బొమ్మా, స్కానా, అనూనా, యూనికోడా తేల్చండి. అందులో ఒకదాన్ని పైన చూపినట్టు టైప్ చేసి, టాక్‌బ్యాక్ ఆన్ చేసి, స్క్రీన్ చూడకుండా వినండి. తేదీ, చోటు, తేవలసిన కాగితాలు మూడూ ఒక్కసారి వింటేనే తెలిసిపోవాలి. వచ్చే పాఠంలో పట్టికలు: లబ్ధిదారుల జాబితాలో ఏ అంకె ఎవరిదో వినేవారికి తెలిసేలా వర్డ్‌లో ఎలా పెట్టాలో చూద్దాం. కంప్యూటర్ దగ్గర పెట్టుకోండి, ఫోన్‌లో ఆ పని కష్టం.