ఇర్ఫాన్‌వ్యూలో ప్లగిన్ పనిచేయట్లేదా? తీసేసి మళ్లీ వేసే ముందు ఇవి చూడండి

"అన్నా, సాయంత్రానికి ఫ్లెక్సీ కావాలి" అంటూ ఒక కుర్రాడు పెన్‌డ్రైవ్ ఇచ్చాడు. అందులో బ్రౌజర్‌ నుంచి సేవ్ చేసిన అమ్మవారి బొమ్మ ఉంది, వెబ్‌పీ ఫైలు. డబుల్ క్లిక్ చేస్తే బొమ్మలు చూసే ప్రోగ్రామ్ ఇర్ఫాన్‌వ్యూ తెరుచుకుంది కానీ బొమ్మ రాలేదు, ఫైల్ హెడర్ చదవలేకపోతున్నా, ఫార్మాట్ తెలియదు అని మెసేజ్ వచ్చింది. వారం ముందే ప్లగిన్స్, అంటే మరిన్ని ఫార్మాట్లు తెరవడానికి ప్రోగ్రామ్‌కి తగిలించే చిన్న ముక్కలు, అన్నీ నా చేత్తో వేశాను. మళ్లీ తీసి వేశాను, మళ్లీ అదే మెసేజ్, మూడోసారి కూడా అంతే, గంట పోయింది. చివరికి తేలిందేంటంటే ఆ సిస్టమ్‌లో 32 బిట్ ఇర్ఫాన్‌వ్యూ, 64 బిట్ ఇర్ఫాన్‌వ్యూ రెండూ ఉన్నాయి, నేను వేసిన ప్లగిన్స్ 32 బిట్ ఫోల్డర్‌లోకి వెళ్లాయి, డబుల్ క్లిక్‌కి తెరుచుకునేది మాత్రం 64 బిట్‌ది. అంటే నేను ఎన్నిసార్లు వేసినా అది పక్కింటికే చేరుతోంది.

అప్పటి నుంచి ఏ సమస్య వచ్చినా నేను ముందు చేసే పని ఒకటే. హెల్ప్ మెనూలోకి వెళ్లి ఇన్‌స్టాల్డ్ ప్లగిన్స్ నొక్కుతాను. ఆ ప్రోగ్రామ్‌కి ఏయే ప్లగిన్స్ కనిపిస్తున్నాయో, వాటి వెర్షన్ ఏంటో అక్కడ వరుసగా ఉంటుంది. మీరు డిస్క్‌లో ఏం వేశారన్నది కాదు, ప్రోగ్రామ్‌కి ఏం కనిపిస్తోందన్నదే లెక్క.

సమస్య: కొన్ని ఫార్మాట్లు తెరుచుకోవు, జేపెగ్, పీఎన్‌జీ మాత్రం బాగానే వస్తాయి

ఇర్ఫాన్ స్కిల్జాన్ 1996లో మొదటిసారి విడుదల చేసిన ఈ ప్రోగ్రామ్ ఇప్పటికీ ఇంత చిన్నగా, ఇంత వేగంగా ఉందంటే చాలా ఫార్మాట్ల పని బయట డీఎల్‌ఎల్ ఫైళ్లకు (ప్లగిన్స్ ఉండేది వీటి రూపంలోనే) అప్పగించడం కూడా ఒక కారణం. ప్లగిన్స్ ప్యాకేజీ విడిగా డౌన్‌లోడ్ చేసుకోవాలి, అది వేయకపోతే చాలా ఫార్మాట్లు రావు. ఆ ఇన్‌స్టాల్డ్ ప్లగిన్స్ లిస్ట్‌లో కావాల్సిన ప్లగిన్ లేదంటే మామూలుగా రెండు కారణాలు, అసలు వేయలేదు, లేదా నాలాగా వేరే బిట్‌ది వేశారు. 64 బిట్ ప్రోగ్రామ్ 32 బిట్ డీఎల్‌ఎల్‌ని నేరుగా లోడ్ చేసుకోలేదు, అది విండోస్ నియమం, దానికి సెట్టింగ్ ఏమీ ఉండదు. 64 బిట్‌ది మామూలుగా ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉంటుంది, 32 బిట్‌ది ఎక్స్86 అని రాసి ఉన్న రెండో ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉంటుంది. టాస్క్ మేనేజర్‌లో ఇర్ఫాన్‌వ్యూ మీద రైట్ క్లిక్ చేసి ఓపెన్ ఫైల్ లొకేషన్ నొక్కితే నడుస్తున్నది ఏదో తేలిపోతుంది. ఆ బిట్‌కి సరిపోయే ప్యాకేజీ, ప్రోగ్రామ్ వెర్షన్ నంబరే ఉన్నది, ఆ ఫోల్డర్‌లోకే వేయండి. ప్రోగ్రామ్ అప్‌డేట్ చేసి ప్లగిన్స్ పాతవే వదిలేస్తే కూడా ఇలాంటి తిప్పలే వస్తాయి.

ఇంకో మాట, డీఎల్‌ఎల్ ఒక్కటే విడిగా ఇస్తామనే సైట్ల జోలికి దయచేసి వెళ్లకండి, అందులో ఏం కలిపి ఉంటుందో ఎవరికీ తెలియదు, అధికారిక సైట్‌లో మొత్తం ప్యాకేజీ దొరుకుతుంది.

లిస్ట్‌లో అన్నీ ఉన్నా ఒక్క ఫైలే రావట్లేదంటే అనుమానం ఫైలు మీదకి తిప్పండి. సైజు చూడండి, 0 కేబీ ఉంటే అది ఫైలే కాదు. తర్వాత ఆ ఫైలుకి ఒక కాపీ తీసి నోట్‌ప్యాడ్‌లో తెరవండి, అంతా పిచ్చిగీతల్లా కనిపిస్తుంది, కంగారు పడకండి, మొదటి వరుస ఒక్కటే చూడాలి. మొదట్లోనే ఆర్ఐఎఫ్ఎఫ్, కొంచెం పక్కన వెబ్‌పీ అని ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తే, పేరు చివర జేపీజీ అని ఉన్నా అది వెబ్‌పీయే. పీఎన్‌జీ అని కనిపిస్తే పీఎన్‌జీ. ఎఫ్‌టీవైపీ, దాని వెంటే హెచ్‌ఈఐసీ అని ఉంటే ఐఫోన్ ఫోటో. హెచ్‌టీఎంఎల్ అని కనిపిస్తే మీకు బొమ్మకి బదులు వెబ్ పేజీ సేవ్ అయింది, మళ్లీ డౌన్‌లోడ్ చేయాల్సిందే. నోట్‌ప్యాడ్‌లో సేవ్ మాత్రం నొక్కకండి, ఫైలు పాడైపోతుంది. ఎక్స్‌టెన్షన్ తప్పుగా ఉన్నప్పుడు చాలాసార్లు ఇర్ఫాన్‌వ్యూయే గుర్తుపట్టి పేరు మార్చమంటారా అని అడుగుతుంది, ఎస్ అనేయండి.

సమస్య: ఐఫోన్ ఫోటోలు రావట్లేదు

2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు ఫోటోలను హెచ్‌ఈఐసీగా దాస్తున్నాయి. ముందు అదే ఫోటోని విండోస్‌తో వచ్చే ఫోటోస్ యాప్‌లో తెరిచి చూడండి. అక్కడ వచ్చి ఇర్ఫాన్‌వ్యూలో రాకపోతే తేడా ప్లగిన్ దగ్గరుంది, ప్రోగ్రామ్‌నీ ప్లగిన్స్‌నీ రెండింటినీ కొత్త వెర్షన్‌కి తెండి. అక్కడ కూడా రాకపోతే విండోస్‌లో కోడెక్, అంటే కుదించిన బొమ్మని విప్పి చూపించే భాగం, లేదు. దీనికి మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో రెండు కావాలి, హెచ్‌ఈఐఎఫ్ ఇమేజ్ ఎక్స్‌టెన్షన్స్, హెచ్‌ఈవీసీ వీడియో ఎక్స్‌టెన్షన్స్. ఫోటోకి వీడియో కోడెక్ ఎందుకని చాలామంది రెండోది వదిలేస్తారు, కానీ ఫైలు లోపల బొమ్మని కుదించింది హెచ్‌ఈవీసీ పద్ధతిలోనే. ఫోన్ మీదే అయితే కెమెరా సెట్టింగ్స్‌లో ఫార్మాట్స్‌కి వెళ్లి మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకోండి, ఇకపై తీసేవి జేపెగ్‌గా వస్తాయి.

సమస్య: కెమెరా రా ఫైలు రాదు, వచ్చినా చిన్నగా, మసకగా వస్తుంది

రా అంటే కెమెరా దాచే ముడి ఫైలు. అసలు రాకపోతే చాలాసార్లు కెమెరా కొత్తది, ప్లగిన్ పాతది. కెనాన్ 2018లో ఈఓఎస్ ఎం50తో సీఆర్2 బదులు సీఆర్3 తెచ్చింది, అంతకుముందు తయారైన ప్లగిన్‌కి అది తెలిసే అవకాశమే లేదు. అప్‌డేట్ ఒక్కటే దారి. చిన్నగా వస్తే మాత్రం ప్లగిన్ బాగానే పనిచేస్తోంది, రా ఫైలు లోపల ఉండే ప్రివ్యూ బొమ్మని చూపిస్తోంది, అంతే. కీబోర్డ్‌లో పీ నొక్కితే సెట్టింగ్స్ వస్తాయి, ప్లగిన్స్ విభాగంలో రా ఫైళ్ల ఆప్షన్లు చూడండి. పెళ్లి ఫోటోలు వెయ్యి వడపోసేటప్పుడు ప్రివ్యూయే మేలు, చాలా వేగంగా కదులుతుంది.

సమస్య: కొన్ని ఫైళ్లు తెరవగానే ప్రోగ్రామ్ మూసుకుపోతుంది

ఇక్కడ ఊహించకండి, విండోస్‌నే అడగండి. స్టార్ట్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద అప్లికేషన్ నొక్కితే, మూసుకుపోయిన సమయానికి ఎర్ర గుర్తుతో ఒక ఎర్రర్ ఉంటుంది. దాన్ని తెరిస్తే ఫాల్టింగ్ మాడ్యూల్ నేమ్ అని ఒక లైను. అక్కడ ప్లగిన్స్ ఫోల్డర్‌లోని డీఎల్‌ఎల్ పేరు ఉంటే ముందుగా అనుమానించాల్సింది దాన్నే. ఇర్ఫాన్‌వ్యూ మూసేసి, ఆ డీఎల్‌ఎల్ పేరు చివర ఓల్డ్ అని చేర్చి మళ్లీ తెరవండి. మూసుకుపోవడం ఆగితే, కొత్త ప్యాకేజీ నుంచి ఆ ప్లగిన్ వేసుకోండి. ఆ లైనులో విండోస్ సొంత డీఎల్‌ఎల్ పేరు ఉంటే అంత తేలిగ్గా తేలదు, అప్పుడు ప్లగిన్స్ ఫోల్డర్‌లో సగం డీఎల్‌ఎల్‌లు వేరే చోటికి జరిపి చూడండి, ఆగితే జరిపిన సగంలో ఉంది, ఆగకపోతే మిగిలిన సగంలో ఉంది. ఇలా సగం సగం చేస్తూ పోతే 60 ఫైళ్లున్నా ఆరుసార్లలో దొరుకుతుంది.

నిన్నటి దాకా ఉన్న ప్లగిన్ ఈరోజు ఫోల్డర్‌లోనే లేకుండా పోతే, యాంటీవైరస్ హిస్టరీలో క్వారంటైన్ (అనుమానంతో పక్కన పెట్టిన ఫైళ్లు) చూడండి.

సమస్య: సెట్టింగ్స్ మారుస్తాను, మళ్లీ తెరిస్తే పాతవే ఉంటాయి

సెట్టింగ్స్ ఉండేది ఒక ఐఎన్ఐ ఫైలులో, అది మామూలుగా మీ యూజర్ అకౌంట్ కింద యాప్‌డేటా, రోమింగ్, ఇర్ఫాన్‌వ్యూ ఫోల్డర్‌లో ఉంటుంది. 32 బిట్‌కి ఒకటి, 64 బిట్‌కి ఒకటి, కాబట్టి ఒకదాంట్లో మార్చింది రెండోదాంట్లో కనిపించదు. షాపుల్లో నేను ఎక్కువగా చూసే కారణం ఇంకొకటి. సిస్టమ్‌లో రోజూ వాడే అకౌంట్ వేరు, అడ్మిన్ అకౌంట్ వేరు. రన్ యాజ్ అడ్మినిస్ట్రేటర్ నొక్కి అడ్మిన్ పాస్‌వర్డ్ ఇచ్చి సెట్టింగ్స్ మారుస్తారు, అవి అడ్మిన్ అకౌంట్‌లో సేవ్ అవుతాయి, రోజూ వాడే అకౌంట్‌కి చేరవు. మామూలుగా తెరిచే మార్చండి. అయినా అయోమయంగా ఉంటే ప్రోగ్రామ్ మూసేసి ఐఎన్ఐ ఫైలు పేరు మార్చండి, తెరవగానే డిఫాల్ట్‌లతో కొత్తది తయారవుతుంది, పాతది మీ దగ్గర భద్రంగా ఉంటుంది.

సమస్య: ఇక్కడ నిలువుగా ఉన్న ఫోటో, ల్యాబ్‌కి పంపితే అడ్డంగా వచ్చింది

ఫోటోలో కెమెరా రాసిపెట్టే ఎక్సిఫ్ సమాచారం చదివి ఇర్ఫాన్‌వ్యూ తిప్పి చూపిస్తోంది, ఫైలు మాత్రం అడ్డంగానే ఉంది. నిజంగా తిప్పాలంటే షిఫ్ట్ పట్టుకుని జే నొక్కండి, లాస్‌లెస్ రొటేషన్ విండో వస్తుంది. రాకపోతే జేపీజీ ట్రాన్స్‌ఫామ్ ప్లగిన్ లేదన్నమాట. తిప్పాక అంచున సన్నటి గీత కోసుకుపోయినట్టు అనిపిస్తే అది లోపం కాదు, జేపెగ్ బొమ్మ 8 లేదా 16 పిక్సెళ్ల గడులుగా దాచి ఉంటుంది, వెడల్పో ఎత్తో ఆ లెక్కకి సరిపోకపోతే నాణ్యత తగ్గకుండా తిప్పడానికి మిగిలిన అంచుని వదిలేయాల్సి వస్తుంది.

సమస్య: పాత ఫోటోషాప్ ఫిల్టర్లు 64 బిట్‌లో సరిగ్గా పనిచేయవు

8బీఎఫ్ ఫిల్టర్లలో పాతవి దాదాపు అన్నీ 32 బిట్‌వే. 64 బిట్ ఇర్ఫాన్‌వ్యూ వాటిని ప్లగిన్స్32 అనే ఫోల్డర్ ద్వారా కొన్ని పరిమితులతో నడిపిస్తుంది. వాటి మీదే మీ పని నడుస్తుంటే 32 బిట్ ఇర్ఫాన్‌వ్యూ కూడా వేరే ఫోల్డర్‌లో వేసి ఉంచుకోండి, డెస్క్‌టాప్‌లో రెండు ఐకాన్లకి 32, 64 అని పేర్లు పెట్టుకోండి. నా సిస్టమ్‌లో ఇప్పుడు అలాగే ఉన్నాయి. షాపులో వాడేటప్పుడు ఇర్ఫాన్‌వ్యూ ఉచితం కాదు, లైసెన్స్ కొనాలి, సొంతానికి వాడుకుంటేనే ఉచితం.