మధ్య అమెరికాలోని ప్రాచీన మాయా నాగరికత శాసనంలో రాణి బంధుత్వాలు పట్టుకోవడం ఎలా?

ముందు బొమ్మ జోలికి పోకుండా పేరు వెతకండి. స్త్రీ పేరుకు ముందు సాధారణంగా పక్కకు తిరిగిన ఆడముఖం గుర్తు ఉంటుంది. దాన్ని ‘ఇష్’ అని చదువుతారు. పచ్చపూసల వల కట్టు చూసి ఆడమనిషే అని తేల్చేస్తే పప్పులో కాలేసినట్టే. మొక్కజొన్న దేవుడి వేషంలో రాజులూ అదే కట్టేవారు.

తర్వాత రాజ్యచిహ్నం, అంటే ఏ రాజ్యపు వంశమో చెప్పే గుర్తు. అది పుట్టింటిది కావచ్చు. అసలు చిక్కు ఇక్కడే: క్రీ.శ. 682లో నరాంహో అనే మాయా నగరం చేరిన ‘ఆరు ఆకాశాల రాణి’ దోస్ పిలాస్ అనే మరో నగరపు రాజు కూతురు. కానీ దోస్ పిలాస్ వాడిందీ తికాల్ నగరం వాడిందీ ఒకటే చిహ్నం. అందుకే తండ్రి పేరు కూడా చూడాలి.

తల్లిని, తండ్రిని చెప్పే గుర్తులు వేరు. బిడ్డ పేరు తర్వాత ‘యల్’ వస్తే ఆ వెనకే ఉండేది తల్లి పేరు.

పట్టపురాణే వారసుడి తల్లి అనుకోకండి. యాష్చిలాన్ నగరంలోని 24వ ద్వారబంధపు రాతిపై రక్తార్పణగా ముళ్లతాడును నాలుకలోంచి లాగుతున్న రాణి కబల్ షోక్ ఎంత ఘనంగా కనిపించినా, 752లో గద్దెనెక్కిన ‘పక్షి జాగ్వార్’ ఆమె కొడుకు కాదు. కలక్ముల్ నగరం నుంచి వచ్చిన, రాజు మరో భార్య కొడుకు. తండ్రి అయిన ఆ రాజు 742లోనే పోయాడు. మధ్య పదేళ్లు ఎవరు ఏలారన్నది ఇంకా వాదనే.